నాలుగూ ఇరవయ్యారుకు దిద్దిన మాట

సోమవారం. సాయంత్రం ఆరూ నలభై.

పెద్దాయన కుర్చీలోనే ఉన్నాడు. తల ఎడమ భుజం మీదికి వాలి ఉంది. కళ్ళజోడు ఒళ్లో పడి ఉంది. కుడిచేతి వేళ్ళకు పచ్చ సిరా. బల్ల మీద మూత తీసిన సీసా. అందులో చుక్క లేదు.

గది చిన్నది. ఒక మంచం, ఒక బల్ల, గోడ పొడవునా పుస్తకాల అలమర. మధ్య అరలో జానెడు ఖాళీ. మంచం మీద రెండు దిండ్లు. ఒకదానికి కవరు లేదు.

“కవరేది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“బకెట్లో వేశానండీ.” హోమ్ నర్సు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. “వచ్చేసరికి దిండు కింద పడి ఉంది. కవరు మీద సిరా మరక. పెద్దాయన కునుకు తీస్తున్నారనుకున్నాను. మరక ఆరితే పోదు కదా, ముందు దాన్ని సబ్బునీళ్లలో వేశాను. తర్వాత లేపబోతే…”



“బయటికి ఎప్పుడెళ్లావు?”

“మూడూ పదికి. సిరా అయిపోయింది, వెంటనే తెమ్మన్నారు.”

“వచ్చింది?”

“ఆరూ అయిదుకి.”

“సిరా సీసాకి మూడు గంటలా?”

“పచ్చది ఎక్కడా లేదండీ. నీలం తెస్తే ఊరుకోరు. మూడో కొట్లో దొరికింది.”

“తలుపు?”

“తాళం వేసి వెళ్లాను. వచ్చేసరికి వేసినట్టే ఉంది.”

“చెవులెన్ని?”

“రెండు. ఒకటి నా దగ్గర. ఇంకోటి అమ్మాయిగారింట్లో, మేకుకి.”

ఆ ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక.

కొత్త సీసా ఆమె చేతిలోనే ఉంది. మూత తీయలేదు.

*

డాక్టరు రిపోర్టు మరునాడు వచ్చింది. ఊపిరాడక మరణం. మెత్తటి వస్తువుతో ముఖం మీద అదిమి ఉంచారు. సమయం మూడు, నాలుగు గంటల మధ్య.

సీసా కొన్న బిల్లు మీద అయిదూ ముప్ఫై అయిదు అని ఉంది. మొదటి రెండు కొట్లవాళ్ళకు ఆమె వచ్చినట్టు గుర్తు లేదు. తాళం చెవి ఆమెది. కవరు తడిపింది ఆమె.

పెద్దాయన కూతురు ఆ మధ్యాహ్నమంతా హాల్లో ఉంది. తండ్రికి ఆ రోజే డెబ్బై నిండాయి. సాయంత్రం ఏడింటికి చిన్న సభ. కుర్చీలు వేయించడం, తెర కట్టించడం ఆమె పని. చూసినవాళ్ళు ఆరుగురు.

అల్లుడు కాలేజీ లెక్చరర్. అతను ఇంట్లో కూర్చుని మామగారి ఫొటోలతో స్లైడ్‌షో తయారు చేస్తున్నాడు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఎడిటర్. ఫొటోలు ఎక్కిస్తే, వాటిని కదిలించి, రాతలు చేర్చి, పాట కలిపి వీడియో చేసి ఇస్తుంది. ఎప్పుడు ఏ మార్పు చేసినా నిమిషంతో సహా దానంతటదే భద్రపరుస్తుంది. రెండు గంటల నుంచి ఆరు దాకా లాగ్ ఉంది. స్టేషన్ రైటర్ తెర ఫొటో తీసి ఫైల్లో పెట్టాడు.

“ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది సార్? మనిషైతే అబద్ధమాడతాడు, కంప్యూటర్ ఆడదు.”

మిగిలింది నర్సు. బుధవారం సాయంత్రం ఆమెను అరెస్టు చేశారు. రైటర్ కాగితాలు ముందు పెట్టాడు. ‘నిందితురాలు’ అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. ఇన్‌స్పెక్టర్ పదో చోట సంతకం చేశాడు.

గురువారం సాయంత్రం అయిదింటికి ఆమెను కోర్టులో హాజరు పరచాలి. ఆ తర్వాత ఆమెకు ఏ ఇంట్లోనూ పని దొరకదు. కేసు కొట్టేసినా దొరకదు. దిండు కవరు తడిపిన మనిషిని ఎవరు గుమ్మం ఎక్కనిస్తారు?

*

గురువారం. ఉదయం తొమ్మిదిన్నర.

రైటర్ వాంగ్మూలం చదివి వినిపించి, సంతకం పెట్టమన్నాడు. ఆమె కాగితం దగ్గరగా పెట్టుకుని చూసింది.

“బాబూ, ఇక్కడ వృద్ధుడికి వత్తు పోయింది.”

“నీకెందుకమ్మా వత్తులూ పొల్లులూ? సంతకం పెట్టు.”

“పెద్దాయన చూస్తే ఊరుకోరు.”

“పోయినాయన ఎలా చూస్తాడు? సోమవారం నుంచీ ఇదే వరస. ఊరుకోరు, తాగరు, పడుకోరు. ఇదిగో, ఇక్కడ కూడా. ‘పెద్దాయనకు మరక గిట్టదు, అందుకే కవరు తడిపాను.’ గిట్టదేంటి? అందుకే కొట్టేసి, ‘గిట్టేది కాదు’ అని నేనే దిద్దాను.”

“నోటికి రావట్లేదండీ,” అందామె.

ఇన్‌స్పెక్టర్ కాగితం అందుకున్నాడు. ‘గిట్టదు’ మీద గీత ఉంది.

“ఆయన దిద్దడం చూసేదానివా?”

“నాలుగేళ్ళుగా చూస్తున్నాను. మాట మీద గీత గీసి, పక్కన ముడిలాగా చుడితే తీసెయ్యమని. కొట్టేశాక మనసు మారిందనుకోండి, దాని కింద వరసగా చుక్కలు పెడతారు.”

“అంటే?”

“ఉండనీ అని.”

పెద్దాయన నలభై ఏళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. అక్కడ ఆయన్ని పచ్చసిరా అనే పిలిచేవారు. ఆ సంగతి ఫైల్లో ఉంది. ఫైల్లో ఉన్నదాని గురించి ఆలోచించాలని ఇన్‌స్పెక్టర్‌కు అంతవరకు తోచలేదు.

*

పదకొండు గంటలకు సంస్మరణ సభ. అదే హాలు, అవే కుర్చీలు. పుట్టినరోజుకు తెప్పించిన తెరను విప్పనే లేదు.

దీపాలు ఆర్పారు. స్లైడ్‌షో మొదలైంది.

వయొలిన్ ఏడ్చింది. తెర మీద గులాబీ రేకులు రాలాయి. వాటి నడుమ నుంచి పెద్దాయన పెళ్లి ఫొటో గిరగిరా తిరుగుతూ వచ్చి నిలిచింది. తర్వాతి ఫొటో పుస్తకం పేజీలా తిరగబడింది. మూడోది నక్షత్రాలై పగిలిపోయింది. ప్రతి ఫొటోలోనూ ఆయన నుదుటికి అడ్డంగా ఆ సైటు ముద్ర: ‘మీరూ ఉచితంగా చేసుకోండి.’ కింద రాతలు. ‘ఆయనకు పచ్చ సిరా అంటే ఇష్టంగా ఉండేది.’ ‘తప్పు కనిపిస్తే ఆయనకు నిద్ర పట్టేది కాదు.’

తర్వాత ఒక పాస్‌పోర్ట్ ఫొటో వచ్చింది. బిగిసిన పెదవులు, సూటి చూపు. రెండు క్షణాలు అలాగే ఉంది.

ఆ తర్వాత అది కన్ను ఆర్పింది.

తల కొద్దిగా తిరిగింది. పెదవులు విడివడ్డాయి. పెద్దాయన నవ్వాడు. తెల్లటి పళ్ళు వరసగా మెరిశాయి.

ఇన్‌స్పెక్టర్ ఆ నోటిని సోమవారం దగ్గరగా చూశాడు. అందులో ముందు పళ్ళు లేవు.

“అల్లుడంటే అతనే,” అంది వెనక వరసలో ఒకావిడ, ముక్కు చీదుకుంటూ. “ప్రాణం పోసినట్టు చేశాడు.”

ఇన్‌స్పెక్టర్ నోట్లో చేదు ఊరింది. ఎవరిదో పలువరుస తెచ్చి, అడ్డు చెప్పలేని మనిషి నోట్లో కుక్కారు. చూసినవాళ్ళు ఏడుస్తున్నారు. ఆ ఏడుపు నిజమైనదే. అది మరీ రోతగా ఉంది.

అసహ్యం సాక్ష్యం కాదని అతనికి తెలుసు. కానీ అది ఎక్కడ పుట్టిందో వెతకడం తన వృత్తికి బయటి పని కాదనిపించింది. తొమ్మిది చోట్ల ఒక మాట చదివి సంతకం చేసినప్పుడు అతనికి ఏ అసహ్యమూ కలగలేదు. ఆ సంగతి కూడా ఇప్పుడు గుర్తొచ్చింది.

తెర మీద ఇంకో ఫొటో. మొదట పెద్దాయన ముఖం. మెల్లగా ఫొటో వెనక్కి జరిగింది. భుజాలు, బల్ల, బల్ల మీద దొంతరగా ఎర్రట్ట నోటుపుస్తకాలు. ఇన్‌స్పెక్టర్ లెక్కపెట్టాడు. పదకొండు. దొంతర ఎత్తు జానెడు.

దీపాలు వెలగగానే కూతురి దగ్గరికి వెళ్లాడు.

“ఇది సోమవారానికి చేసినదే కదమ్మా?”

“అవునండీ. మావారు చేశారు. నిన్న నేను బెలూన్ల టెంప్లేట్ తీసేసి పూలది వేశాను.”

“ఆ బల్ల ఫొటో మొదట్నుంచీ ఇలాగే ఉందా?”

“లేదు. ముఖం వరకే కత్తిరించి పెట్టారు. టెంప్లేట్ మారిస్తే కత్తిరింపులన్నీ పోయి మొదటి ఫొటోలు వచ్చేస్తాయట. నాకు తెలీదు.”

“రాతలు మార్చారా?”

“ఒక్క అక్షరం ముట్టుకోలేదండీ. పూలూ, పాటా, అంతే. చదివే స్థితిలో ఎక్కడున్నాను?”

“ఆ నోటుపుస్తకాలేమిటి?”

“నాన్న పట్టిన తప్పులు. ఏ మాట దగ్గర చెయ్యి ఎందుకు జారుతుందో నలభై ఏళ్ళు రాసుకున్నారు. మావారు వాటిని పుస్తకంగా వేయిస్తున్నారు, నాన్న పేరు మీద. మా ఆయన మొదట్లో నాన్న శిష్యుడే. ఇంట్లో సరుకుల చీటీలో తప్పున్నా దిద్దందే కొట్టుకి పంపరు.” ఆమె కళ్ళు తుడుచుకుంది. “సోమవారం సభలో నాన్న ఆ పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్తానన్నారు.”

“మీ ఇల్లు ఒకసారి చూడాలి. ఎడిటర్ అకౌంట్ కూడా.”

ఆమె కొంచెంసేపు అతని ముఖంలోకి చూసింది. తాళం చెవి ఇచ్చింది.

*

మూడున్నర.

పెద్దాయన గదిలో అయిదుగురు. కూతురు మంచం అంచున కూర్చుంది. అల్లుడు కిటికీ దగ్గర నిలబడ్డాడు. నర్సును రైటర్ తీసుకొచ్చాడు. ఆమె అలవాటుగా గోడకు ఆనుకుంది. కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఎవరూ కూర్చోలేదు.

బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది.

“సోమవారం మధ్యాహ్నం ఎక్కడున్నారు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఎన్నిసార్లు చెప్పాలండీ?” అన్నాడు అల్లుడు. “ఇంట్లో. లాగ్ మీ దగ్గరే ఉంది.”

“ఇంకోసారి చెప్పండి.”

“రెండు నుంచి మూడూ ఆరు వరకు ఎడిటింగ్. తర్వాత నాలుగూ పద్నాలుగు వరకు ట్రయల్ ఎక్స్‌పోర్ట్. ఉచిత అకౌంట్ కదా, వీడియో తయారవడానికి గంట పైన పడుతుంది. తర్వాత మళ్ళీ ఎడిటింగ్, ఆరు దాకా.”

“ఎక్స్‌పోర్ట్ అవుతుంటే మీరేం చెయ్యాలి?”

“చెయ్యడానికేముంది? దానంతటదే అవుతుంది.”

“అంటే పొయ్యి మీద ఎసరు పెట్టినట్టు. పెట్టి, ఊరంతా తిరిగి రావచ్చు.”

“తిరిగానని ఎవరు చెప్పారు? ఊహలతో కేసు నిలవదు ఇన్‌స్పెక్టర్ గారూ.”

“నిలవదు. అందుకే మీ రాతనే తెచ్చాను.”

అతను లాప్‌టాప్‌ను వాళ్ళ వైపు తిప్పాడు. ముప్ఫై ఒకటో స్లైడ్. పక్కన మార్పుల జాబితా.

“రైటర్, పైకి చదువు.”

రైటర్ వంగి చదివాడు. “రెండూ నలభై. ‘తప్పు కనిపిస్తే ఆయనకు నిద్ర పట్టదు.’ నాలుగూ ఇరవయ్యారు. ‘తప్పు కనిపిస్తే ఆయనకు నిద్ర పట్టేది కాదు.’” తల ఎత్తాడు. “రెండూ ఒకటే కదా సార్?”

“పొద్దున ఈమె వాంగ్మూలంలో ‘గిట్టదు’ ఎందుకు కొట్టేశావు?”

“ఆయన పోయాడు కదా సార్. పోయినవాళ్ళకి గిట్టదు అనం. గిట్టేది…”

రైటర్ నోరు అక్కడే ఆగింది. లాప్‌టాప్ వైపు చూశాడు. అల్లుడి వైపు చూశాడు.

“పెద్దాయన పోయిన సంగతి లోకానికి తెలిసింది ఆరూ అయిదుకి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మీకు నాలుగూ ఇరవయ్యారుకే ఎలా తెలిసింది?”

అల్లుడు తొణకలేదు. “ఆయన ఉద్యోగం మానేసి పదేళ్ళు. ప్రెస్సు రోజుల గురించి రాశాను. గడిచిన కాలమే సరైనది. వ్యాకరణం తెలిసినవాళ్ళనెవరినైనా అడగండి.”

“బాగుంది. పద్దెనిమిదో స్లైడ్. అదే నిమిషం. ‘ఆయనకు పచ్చ సిరా అంటే ఇష్టం.’ దాన్ని ‘ఇష్టంగా ఉండేది’ అని దిద్దారు. మూడూ పదికి ఆయన పచ్చ సిరా కావాలని మనిషిని పంపారు. నీలం తేవద్దన్నారు. డెబ్బై ఏళ్ళ ఇష్టం ఆ గంటలో ఎక్కడికి పోయింది?”

అల్లుడు కిటికీ వైపు తిరిగాడు.

“కంప్యూటర్ అబద్ధమాడదని మా రైటర్ అన్నాడు. ఆ గంటా అది పనిచేసింది, నిజమే. మనిషి ఉన్నాడో లేడో మేము అడగలేదు. ఈ రాతలన్నీ సంస్మరణ కోసం మార్చినవనుకున్నాం, ఈ పొద్దు హాల్లో చూసినవాళ్ళందరిలాగే. మీ భార్య ఒక్క అక్షరం ముట్టుకోలేదు.”

ఇన్‌స్పెక్టర్ ఒక కవరు లోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. అచ్చు ప్రూఫు. పుస్తకం మొదటి పేజీ.

“పన్నెండున్నరకు మీ పుస్తకాల బీరువా వెనక దొరికింది. పదకొండు నోటుపుస్తకాలతో పాటు.”

పేజీలో రచయిత పేరు ఉండవలసిన చోట అల్లుడి పేరు. దాని మీద పచ్చ గీత. పక్కన ముడి. గీత సగం వరకు నిండుగా ఉంది. తర్వాత పలచబడి, చివరి రెండక్షరాల దగ్గర ఎండిపోయింది. సిరా అక్కడ అయిపోయింది.

కూతురు ముందుకు వంగి చూసింది. చాలాసేపు చూసింది.

“నాన్న పేరు మీద అన్నారు కదండీ,” అంది.

“అవి ఉత్త చీటీలు!” అల్లుడి గొంతు మొదటిసారి పెరిగింది. వెంటనే తగ్గింది. “తప్పుల కుప్ప. వాటికి ఒక వరస పెట్టింది నేను. ఏడేళ్ళు కూర్చున్నాను. ముందుమాటలో ఆయన పేరు వేశాను కూడా. ప్రూఫు ఆయన కంటపడిందని తెలిసి, బతిమాలుదామని వెళ్లాను. తల కూడా ఎత్తలేదు. ‘సభలో దిద్దుతాను’ అన్నారు. మనిషినే ప్రూఫులా… ఒక్క ముడి చుట్టి తీసెయ్యడమేనా?”

“అప్పుడు టైమెంత?”

“టైమ్ చూసుకోలేదు.”

రైటర్ రాసుకుంటున్నాడు.

“నాకు ఒకటి అర్థం కాలేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఆ రెండు మాటలూ అలాగే వదిలేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఎందుకు దిద్దారు?”

అల్లుడు అతని వైపు వింతగా చూశాడు. తరగతిలో తెలివితక్కువ ప్రశ్న విన్న మాస్టారిలా చూశాడు.

“తప్పు కదండీ అప్పటికి,” అన్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కు హాల్లో ఊరిన చేదు మళ్ళీ ఊరింది. ఇతనికి నేర్పినది పెద్దాయనే. ఆ పాఠం వేళ్ళ దాకా దిగింది, అక్కడే ఆగిపోయింది. మనిషిని అదిమిన చేతులు ఇంటికెళ్లి మాటను సరిదిద్దాయి.

కూతురు లేచింది. లాప్‌టాప్ దగ్గరికి వచ్చి జాబితాను వేలితో కిందికి జరిపింది. ఒకచోట ఆపింది.

నాలుగూ నలభై. పాస్‌పోర్ట్ ఫొటో. ముఖానికి కదలిక: చిరునవ్వు.

“నాలుగూ నలభైకా?” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “నాన్న ఇక్కడ కుర్చీలో ఉన్నారు. నువ్వు ఇంట్లో కూర్చుని ఆయన్ని నవ్వించావా?”

పెళ్లయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అతను ఏదో చెప్పబోయాడు.

“పళ్ళు కూడా పెట్టావు.”

ఆమె చేతిని చీరకు తుడుచుకుంది. తుడిచి, మళ్ళీ తుడుచుకుంది.

“నా చేత దాని మీద పూలు చల్లించావు,” అని, అతనికి ఎడంగా వెళ్లి నర్సు పక్కన గోడకు ఆనుకుంది.

*

నాలుగూ పది. అల్లుణ్ణి జీపు ఎక్కించారు.

ఇన్‌స్పెక్టర్ కాగితాలు తీసుకుని బల్ల దగ్గర నిలబడ్డాడు. ‘నిందితురాలు’ అన్న మాట తొమ్మిది చోట్లా వెతికి కొట్టేశాడు. ప్రతి గీత పక్కనా ముడి చుట్టాడు. పైన ‘సాక్షి’ అని రాశాడు. తన సంతకం దగ్గర కాసేపు ఆగాడు. దాన్ని కొట్టెయ్యడానికి గుర్తు ఉంది. కానీ కొట్టేస్తే చేసిన పని పోదు. దాని కింద తేదీ వేశాడు, టైముతో సహా.

“మీరు ఇంటికి వెళ్లొచ్చమ్మా,” అన్నాడు.

ఆ ‘మీరు’ ఆలస్యంగా వచ్చిందని అతనికే అనిపించింది. ఆమె తల ఊపింది. కదల్లేదు. బల్ల అంచున ఎండిన పచ్చ మరకను చూస్తోంది. కొంగు తడిపి, దాన్ని రుద్దడం మొదలుపెట్టింది.

“ఇప్పుడెందుకమ్మా?” అన్నాడు రైటర్.

“పెద్దాయనకు మరక గిట్టదు బాబూ.”

“గిట్టేది కా…”

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఎత్తాడు. రైటర్ ఆగిపోయాడు.

వాంగ్మూలం కాగితం పైకి తీశాడు ఇన్‌స్పెక్టర్. ‘గిట్టదు’ మీద రైటర్ గీసిన గీత ఉంది. ఆ మాట కింద ఒక చుక్క పెట్టాడు. పక్కన ఇంకొకటి. మాట చివరిదాకా వరసగా పెట్టుకుంటూ వెళ్లాడు.

“ఏంటి సార్ అది?”

“ఉండనీ,” అన్నాడు.